రాలిన కొమ్ముల గోడ

అమెరికా పల్లెల్లో చాలామంది వేటగాళ్లు అడవిలో ఏరుకొచ్చిన జింక కొమ్ములను గోడకు బిగించి, శరదృతువులో వేట మొదలయ్యే రోజు కోసం ఎదురుచూస్తారు. దీన్ని నేను ఆర్భాటం అనను, పరిశీలన విద్య అంటాను. తెల్లతోక మగజింక ఏటా చలికాలంలో కొమ్ములు రాల్చి, వసంతం నుంచి కొత్తవి పెంచుకుంటుంది. వేట ముగిశాక నేలమీద దొరికిన తాజా కొమ్ము, ఆ జింక తుపాకులను తప్పించుకుని బతికిందనడానికి సాక్ష్యం. తల నుంచి ఊడిన చోటి మచ్చ, ఖనిజాల కోసం ఎలుకలు కొరికిన గాట్లు, ఎండకు తెల్లబారిన రంగు చూసి అది ఎప్పుడు రాలిందో అంచనా కడతారు. ఒకే జింక కొమ్ములను ఏడాది వెంట ఏడాదిగా వరుసలో అమర్చితే దాని ఎదుగుదల కళ్లకు కడుతుంది.

శరత్తుకల్లా ఆ జింక అక్కడే ఉంటుందన్న భరోసా ఏమిటని అడగవచ్చు. నిజమే, చలికాలపు మేత చోటు వేరు కావచ్చు. అయినా ఏ జింక మిగిలిందో తెలిసినవాడు లేతదాన్ని కాల్చకుండా ఆగగలడు. ఏరేవాళ్లు చలికి చిక్కిన జంతువులను బెదరగొడతారన్న ఆక్షేపణ ఇంకా బరువైనది; అందుకే వయోమింగ్ రాష్ట్రం పశ్చిమ భాగంలోని ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఏరడం నిషేధం. ఆ గడువు పాటించి తెచ్చిన కొమ్ముకే గోడమీద గౌరవం. మన దగ్గర మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అందుకే రాలిన దుప్పి కొమ్ము కనబడితే అక్కడే వదిలేయండి.