జాగ్వార్ ఓడిన ఏడాది

పందెం కారు అనగానే మన ధ్యాస ఇంజిన్ మీదికి పోతుంది. ఎంత హార్స్‌పవర్, గంటకు ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతాం. బ్రేకుల గురించి అడిగేవాళ్లు అరుదు. ఇప్పుడు మన టాటాల చేతిలో ఉన్న జాగ్వార్, యుద్ధానంతర బ్రిటన్‌లో తయారుచేసిన సీ-టైప్, డీ-టైప్ కార్లు ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందేన్ని 1951-57 మధ్య ఐదుసార్లు గెలిచాయి. వాటి ఇంజిన్ మాత్రం పందేల కోసం పుట్టింది కాదు. యుద్ధకాలంలో కోవెంట్రీ ఫ్యాక్టరీలో రాత్రిపూట బాంబు మంటలకు కాపలా కాస్తూ కంపెనీ అధిపతి విలియం లయన్స్, ఆయన ఇంజినీర్లు విలియం హైన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ కలిసి ఆలోచించిన ఇంజిన్ అది. ఉద్దేశించింది పెద్ద సెలూన్ కారుకు. 1948 లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే 120తో బయటికి వచ్చిన ఈ 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌నే చివరిదాకా మెరుగుపరుస్తూ పోయారు. ఆ కార్ల గెలుపులో కొత్తది కనిపెట్టడం ఎంతుందో, దేన్ని కదిలించకూడదో తెలియడం అంతకంటే ఎక్కువుందని నా అభిప్రాయం. దానికి గట్టి సాక్ష్యం గెలిచిన ఏళ్లలో కంటే ఓడిన 1952లో దొరుకుతుంది.

1950లో దాదాపు మామూలు ఎక్స్‌కే 120లే మూడు లె మాన్స్‌లో పరుగెత్తాయి. ఒకటి ముందు వరుసలో సాగి, చివరి గంటల్లో క్లచ్ పాడై ఆగిపోయింది. ఇంజిన్‌కు సత్తా ఉందని, బరువూ గాలి నిరోధమే అడ్డమని తేలింది. అందుకే సీ-టైప్‌కు ఇంజిన్ అదే ఉంచి, కింద ఉక్కు గొట్టాల ఫ్రేమ్, పైన అల్యూమినియం బాడీ పెట్టారు. బాడీ వంపులు గీసినవాడు బ్రిస్టల్ విమాన కంపెనీ నుంచి వచ్చిన మాల్కమ్ సేయర్. 1951లో వెళ్లిన మూడింటిలో రెండు ఆయిల్ గొట్టం విరిగి ఆగాయి, మూడోది గెలిచింది. మరుసటి ఏడాది ఇటలీలోని మిల్లే మిలియా పందెంలో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ వేగం చూసిన జాగ్వార్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్, లె మాన్స్‌కు ఇంకా వేగం కావాలని కబురు పంపాడు. కొద్ది వారాల్లో ముక్కు సాగదీసి కిందికి దించారు, తోక పొడిగించారు, రేడియేటర్ అమరిక మార్చారు. పందెం మొదలైన కొద్ది గంటల్లోనే మూడు కార్లూ వేడెక్కి ఇంటిదారి పట్టాయి. విచిత్రమేమంటే, అంత భయపెట్టిన మెర్సిడెస్ గెలిచింది గంటకు సుమారు 155 కిలోమీటర్ల సగటుతో. అంతకుముందు ఏడాది జాగ్వార్ సగటు 150.

అప్పుడు సాహసం చేశారు కాబట్టే మరుసటి ఏడాది లె మాన్స్‌కు డిస్క్ బ్రేకులొచ్చాయి కదా, సాహసాన్ని తప్పుపడితే ఎలా అని అడగవచ్చు. కానీ ఆ రెండూ ఒకటి కావు. విమానాల కోసం డన్‌లప్ చేసిన డిస్క్ బ్రేకులను జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఓపికగా పరీక్షించాడు. బ్రేక్ ద్రవం మరిగిపోవడం లాంటి చిక్కులు ఒక్కొక్కటే తీరాయి. మాస్ మిల్లే మిలియాలో నడిపింది డిస్కులున్న కారునే. 1952లోనే ఫ్రాన్స్‌లోని రీమ్స్ పందెంలో వాటితో గెలిచాడు కూడా. ఇక లె మాన్స్ సంగతి చూడండి. దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు మీద గంటకు 240 దాకా పోయి, చివర మెల్లగా తిరగాల్సిన మలుపు, అదీ ప్రతి చుట్టులో, రాత్రీ పగలూ. డ్రమ్ బ్రేకులో వేడి లోపలే చిక్కుకుని పట్టు సడలుతుంది. డిస్క్‌కు గాలి నేరుగా తగులుతుంది. 1953 కార్లలో ముక్కు మళ్లీ పాత రూపానికే వచ్చింది. బరువు తగ్గించారు, వెబర్ కార్బురేటర్లు బిగించారు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ 4.5 లీటర్ల ఫెరారీని కూడా వెనక్కు నెట్టి 170 సగటుతో గెలిచారు. ప్రత్యర్థుల కంటే ఆలస్యంగా బ్రేక్ వేయగలగడమే వాళ్లకు దొరికిన వేగం.

మరి 1954 డీ-టైప్ పూర్తిగా కొత్త కారు కదా? విమానం ఒంటిలాంటి మోనోకాక్ నడుము, ఎత్తు తగ్గించడానికి డ్రై సంప్ (ఆయిల్‌ను ఇంజిన్ అడుగున కాక వేరే ట్యాంకులో ఉంచే ఏర్పాటు), కొంచెం పక్కకు వంచిన ఇంజిన్, ఆ తర్వాత తలవెనుక నిలిపిన రెక్క! ఈ అభ్యంతరంలో బలముంది. అయినా ఇంజిన్ వంశం, బ్రేకుల అనుభవం సీ-టైప్‌వే. ఆ ఏడాది ఇంధన ఫిల్టర్లలో మట్టి చేరి మొదట్లోనే సమయం పోయింది, 4.9 లీటర్ల ఫెరారీ చేతిలో నాలుగు కిలోమీటర్ల పైచిలుకు తేడాతో ఓడింది. 1955 గెలుపును నా వాదనకు సాక్ష్యంగా తెచ్చుకోను. 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయిన పందెం అది. ముందంజలో ఉన్న మెర్సిడెస్ జట్టు తన కార్లను ఉపసంహరించుకుంది కాబట్టి ఎవరు మేలో అక్కడ తేలలేదు. 1956, 57 ఫలితాలే నాకు ముఖ్యం. ఆ రెండేళ్లూ గెలిచింది ఎడిన్‌బరోకు చెందిన ప్రైవేటు జట్టు ఎక్యూరీ ఎకోస్. 1957 నాటికి జాగ్వార్ సొంత జట్టే లేదు, ఆ ఫిబ్రవరిలో దాని బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ సగం కాలిపోయింది. అయినా 3.8 లీటర్లకు పెంచిన అదే ఇంజిన్‌తో డీ-టైప్ ముందు నిలిచింది, మొదటి నాలుగు స్థానాలూ డీ-టైప్‌లవే.