ఉనోకా కొడుకు

చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ కుస్తీ పోటీతో మొదలవుతుంది. ఏడేళ్లుగా ఎవరూ వీపు నేలకు తగిలించలేకపోయిన అమలింజె అనే మల్లుణ్ణి పద్దెనిమిదేళ్ల ఒకోంక్వో చిత్తు చేస్తాడు. డప్పులు, వేణువులు, ఊపిరి బిగబట్టిన జనం. ఏదో వీరగాథ మొదలైందనుకుంటాం. ఆ తర్వాత అచెబె మనిషి రూపం చెబుతాడు: పొడగరి, గుబురు కనుబొమలు, వెడల్పాటి ముక్కు, మడమ నేలకు ఆననట్టుండే నడక. అదే ఊపులో, కాస్త నత్తి ఉందని కూడా అనేస్తాడు. కోపంలో మాట పెగలకపోతే ఇక పిడికిలే మాట్లాడుతుందట. చేతకాని వాళ్లను అతను సహించలేడు. తండ్రినీ సహించలేకపోయాడు. ఈ చివరి మాట పొడిగా, పక్కన పెట్టినట్టు వస్తుంది. అక్కడితో కుస్తీ గోదా వదిలేసి కథ తండ్రి గుడిసెలోకి వెళ్తుంది.

1958లో లండన్‌లో హైనమన్ వాళ్లు ఈ నవలను మొదట రెండు వేల ప్రతులు వేశారు. అప్పటికి అచెబెకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఉన్న ఒక్క చేతిరాత ప్రతినీ నైజీరియా నుంచి లండన్‌లోని ఒక టైపింగు సంస్థకు పంపితే, డబ్బు పుచ్చుకుని వాళ్లు నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. చివరికి సెలవు మీద అక్కడికి వెళ్లిన ఆయన పై అధికారిణి గట్టిగా నిలదీస్తేగాని ప్రతి బయటకు రాలేదు. ఆ మూల నుంచి అది కదలకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం.

ఈ పుస్తకం మీద వలసపాలన కోణంలో, క్రైస్తవం కోణంలో, ఇగ్బో ఆచారాల కోణంలో బోలెడంత రాశారు. అవన్నీ ఇందులో ఉన్నాయి, కాదనను. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. ఒక కొడుకును అడుగడుగునా తండ్రికి ఎదురు దిశలో నడిపించి, అలా నడిచినందుకే అతన్ని తండ్రి చేరిన చోటికి చేర్చిన పనితనం. దానికి కావలసిన మేకులు చాలావరకు మొదటి మూడు అధ్యాయాల్లోనే దిగ్గొట్టి ఉంటాయి. మొదటిసారి చదువుతున్నప్పుడు అవి కంటపడవు.

తండ్రి పేరు ఉనోకా. సన్నగా, పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. చేతికి నాలుగు గవ్వలు వస్తే కల్లుకే. ఎండాకాలం మొదట్లో ఆకాశంలో తిరిగొచ్చే గద్దల్ని చూసి చిన్నప్పుడు పాటలు పాడేవాడు. ఊళ్లో అప్పు చేయని ఇల్లు లేదు. ఒకనాడు ఒకోయె అనే పొరుగువాడు వస్తాడు. అతనూ వాయిద్యగాడే, కానీ ఉనోకా లాంటివాడు కాదు. దుంపలతో నిండిన కొట్టం, ముగ్గురు పెళ్లాలు, త్వరలో తీసుకోబోయే పెద్ద బిరుదు. ఉనోకా కోలా కాయ, మిరియాలు, ఒక సుద్దముక్క తెచ్చి ముందు పెడతాడు. నువ్వు పగలగొట్టు అంటే నువ్వు పగలగొట్టు అని కాసేపు మర్యాదలు నడుస్తాయి. వచ్చినవాడు సుద్దతో నేల మీద గీతలు గీసి, కాలి బొటనవేలికి రాసుకుంటాడు. వానల గురించి, పండగల గురించి, రాబోయే యుద్ధం గురించి కబుర్లు. యుద్ధం మాట రాగానే ఉనోకా ముఖం వాడుతుంది. రక్తం చూడలేడు పాపం. మాట సంగీతం మీదికి మళ్లిస్తాడు. అప్పుడు ఒకోయె గొంతు సవరించుకుని, సామెత మీద సామెత పేర్చి, చుట్టూ తిరిగి తిరిగి అసలు సంగతికి వస్తాడు. రెండేళ్లు దాటిన రెండు వందల గవ్వల బాకీ.

ఉనోకా పగలబడి నవ్వుతాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. అవతలి గోడ చూడమంటాడు. అక్కడ సుద్దతో గీసిన నిలువు గీతలు అయిదు గుంపులుగా ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న గుంపులోనే పది గీతలు, ఒక్కో గీతకు నూరు గవ్వలు. ఒక్కో గుంపు ఒక్కో అప్పులవాడిది. పెద్ద బాకీలు తీర్చాకే నీది అని తేల్చేస్తాడు. అతిథి కిక్కురుమనకుండా మేకతోలు చుట్టుకుని వెళ్లిపోతాడు.

నవ్వొస్తుంది. నవ్వు రావాలనే రాశాడు అచెబె. కానీ ఆ నవ్వులో ఎంత సరుకు సర్దేశాడో చూడండి. అతిథి మర్యాదకు ఇచ్చిందీ సుద్దే, గోడ మీద అప్పు లెక్క రాసిందీ సుద్దే. ఇగ్బో సమాజంలో మాట చాతుర్యానికి ఉన్న విలువ, బిరుదుల లెక్క, ఇంటికొచ్చిన మనిషిని చూసే తీరు, అన్నీ ఒక్క సన్నివేశంలో తెలిసిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఉనోకా మనకు నచ్చేస్తాడు. అక్కడే ఉంది కిటుకు. తండ్రిని దుర్మార్గుడిగా చూపి ఉంటే కొడుకు కోపం న్యాయమైపోయేది, నవల అక్కడే ముగిసేది. పాటగాడు, మెతక మనిషి, నవ్వించేవాడు, పిల్లలకు తిండి పెట్టలేనివాడు. ఇలాంటి తండ్రిని అసహ్యించుకున్న కొడుకు, చేతకానితనంతో పాటు మెత్తదనాన్నీ పాటనూ కూడా అసహ్యించుకోక తప్పదు. చిన్నప్పుడు తోటివాడు ఒకడు మీ నాన్న ఆడది అని ఎగతాళి చేశాడు. ఆ మాట ఒకోంక్వో జీవితమంతా మోశాడు.

కష్టం సంగతి మూడో అధ్యాయంలో వస్తుంది. తండ్రి నుంచి కొట్టం రాలేదు, బిరుదు రాలేదు. కుర్రతనంలోనే న్వాకిబియె అనే సంపన్నుడి దగ్గరికి కల్లు, కోడిపుంజు పట్టుకుని వెళ్లి విత్తన దుంపలు అడుగుతాడు. పెండలం అక్కడ మగవాడి పంట, పరువుకు కొలబద్ద. ఎనిమిది వందల దుంపలు దొరుకుతాయి. పాలికి సాగు గనక పండినదాంట్లో మూడో వంతే తనది. అందులోంచే తల్లినీ చెల్లెళ్లనూ పోషించాలి, తండ్రినీ పోషించాలి. ఆ ఏడు కనీవినీ ఎరగని కరువు. ముందు వేసిన దుంపలు మాడిపోయాయి. తర్వాత పట్టిన వాన మళ్లీ వదల్లేదు. కోతలు చావుపనిలా సాగాయి. ఒక రైతు చెట్టుకొమ్మకు గుడ్డ కట్టి ఉరేసుకున్నాడు.

ఆ రైతుకు పేరు లేదు, అతని గురించి ఉన్నది ఒకే వాక్యం. మనం దాటిపోతాం. అచెబె దాటడు. అదే చోట, చావు దగ్గరపడిన ఉనోకా కొడుకుతో నాలుగు మాటలు అంటాడు. అందరి పంటా పోయినప్పుడు పొగరున్న మనిషి తట్టుకుంటాడు, తను ఒక్కడే ఓడిపోయినప్పుడు తట్టుకోవడమే కష్టం అని దాని సారాంశం. ఒకోంక్వోకు చిరాకేస్తుంది. ముసలాయన వాగుడు పెరిగిందనుకుంటాడు. నవలలో అంత తెలివైన మాట ఇంకొకటి లేదు. దాన్ని చేతకాని తండ్రి నోట, విననొల్లని కొడుకు చెవిన పెట్టాడు రచయిత. కథకు కాపలాగా నిలిచిన మాటను అంత చవగ్గా ఖర్చుపెట్టినట్టు నటించడం మామూలు విద్య కాదు.

ఇక్కడ మన గోపీచంద్ గుర్తుకు రాకమానడు. ‘అసమర్థుని జీవయాత్ర’ సీతారామారావుకూ తండ్రి నీడే శాపం. కాకపోతే దారి తిరగబడింది. వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని చనిపోతూ తండ్రి చెప్పిన మాటను మోయబోయి అతను కూలిపోతాడు. ఒకోంక్వో తండ్రి పేరు చెరిపేయబోయి కూలిపోతాడు. గోపీచంద్ మనిషి బుర్రలోకి దిగి పేజీల కొద్దీ తర్కం నడిపిస్తాడు. అచెబె దాదాపు బయటే నిలబడతాడు. ఆలోచించే మనిషి కాని ఒకోంక్వోను ఆలోచనల ద్వారా చూపడం కుదరదు మరి. చేతులు ఏం చేశాయో చెప్పి ఊరుకుంటాడు.

ఆ చేతులు చేసిన ఘోరం ఇకెమెఫునా హత్య. పక్క ఊరు పరిహారంగా ఇచ్చిన పిల్లవాడు మూడేళ్లు ఒకోంక్వో ఇంట్లో పెరిగి, అతన్ని నాన్నా అని పిలవడం మొదలుపెట్టాడు. ఒకోంక్వోకు లోలోపల ముద్దే. పైకి చూపించడు, కోపం తప్ప ఏది చూపినా బలహీనతే కదా. పిల్లవాణ్ణి చంపమని దైవవాక్కు వస్తుంది. నిన్ను నాన్నా అని పిలిచాడు, ఆ పనిలో నువ్వు చెయ్యి పెట్టొద్దు అని ఊరి పెద్ద ఎజెయుడు ముందే హెచ్చరిస్తాడు. అడవి దారిలో మొదటి వేటు పడగానే పిల్లవాడు నాన్నా అంటూ ఒకోంక్వో వైపే పరుగెత్తుకొస్తాడు. తనను పిరికివాడంటారేమోనన్న భయంతో ఒకోంక్వో కత్తి దూస్తాడు. తర్వాత రెండు రోజులు తిండి ముట్టడు. ఇక్కడ అచెబె ఒక్క విశేషణమూ అదనంగా వాడడు. మూడో రోజు కాల్చిన అరటికాయ అడిగాడని మాత్రం చెబుతాడు.

అతనికి హృదయం లేదనుకునే పాఠకుడి కోసం పదకొండో అధ్యాయం ఉంది. పూజారిణి చియెలో రాత్రివేళ ఒకోంక్వో చిన్నారి కూతురు ఎజిన్మాను వీపున వేసుకుని గుహకు తీసుకుపోతుంది. తల్లి ఎక్వెఫి చీకట్లో వెంటపడుతుంది. అధ్యాయమంతా తల్లి గుండె దడే. చివర్లో ఒకోంక్వో కత్తితో గుహ దగ్గర ప్రత్యక్షమవుతాడు, మనిషి నిబ్బరంగానే కనిపిస్తాడు. తర్వాతి అధ్యాయంలో, ఎవరూ అడగకుండానే, రచయిత ఒక రహస్యం చెబుతాడు. మగతనానికి భంగం రాకుండా కాసేపు ఆగి బయల్దేరిన ఈ పెద్దమనిషి ఆ రాత్రి గుహకు నాలుగుసార్లు తిరిగాడట. నాలుగోసారికి గాని ఎక్వెఫి కనపడలేదు. ముందే చెప్పి ఉంటే కన్నీటి సన్నివేశం అయ్యేది. ఆలస్యంగా, ఇంట్లో లెక్క చెప్పినట్టు చెప్పడంతో ఆ మనిషి మీద కోపం, జాలి రెండూ ఒకేసారి ముంచుకొస్తాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మూడో భాగం పరుగులు తీస్తుంది. స్మిత్ అనే మతబోధకుడు మనిషి కన్నా నమూనాలా ఉంటాడు. ఆయనకు ముందున్న బ్రౌన్‌కు ఉన్న ఊపిరి ఆయనకు లేదు. ఒకోంక్వో పెద్ద భార్య చివరిదాకా కొడుకు న్వోయెకు తల్లిగానే మిగిలిపోతుంది. ఒకోంక్వో తల్లికీ పేరు లేదు. దీన్ని లోపమనను. పొరపాటున తుపాకి పేలి మనిషి చచ్చి ఏడేళ్ల ప్రవాసం పడినప్పుడు అతను తలదాచుకునేది ఆ పేరులేని తల్లి పుట్టింట్లోనే. మేనమామ ఉచెందు కొలువుతీరి, తండ్రి కొట్టిన బిడ్డ తల్లి గుడిసెకే పోతాడు కదా అని నిలదీస్తే అతని దగ్గర జవాబు ఉండదు. తాను పోగొట్టుకున్నది ఇరవై రెండు మంది పిల్లల్ని అని చెబుతాడా ముసలాయన. ఉరేసుకోలేదు నేను అంటాడు. మరో మేకు.

న్వోయె సంగతి మరీ పదునైనది. తల్లి చెప్పే తాబేలు కథలంటే ఇష్టపడి, తండ్రి భయంతో యుద్ధం కబుర్లు ఇష్టమైనట్టు నటించే పిల్లవాడు. తాతకూ మనవడికీ పోలిక రచయిత నొక్కి చెప్పడు. పాట దగ్గర ఇద్దరూ కలుస్తారు. ఇకెమెఫునా చావుతో, అడవిలో వదిలేసిన కవలల ఏడుపుతో అతనిలో ఏదో తెగిపోయింది. మిషనరీల సిద్ధాంతం అతనికి అర్థం కాలేదు, వాళ్ల పాట గుచ్చుకుంది. అలా ఉనోకా మనవడు ఐజాక్ అవుతాడు. అచెబె తండ్రి ఐజయా క్రైస్తవ బోధకుడు. ఆ ఇంటి కొడుకు ఈ సన్నివేశాన్ని ద్వేషంతో కాక, ఇంత ఓర్పుతో రాయడం గమనించాలి.

చివర్లో ఒకోంక్వో తెల్లవాళ్ల జవానును నరికి, జనం తన వెనక రావడం లేదని గ్రహించి, ఇంటి వెనక చెట్టుకు ఉరేసుకుంటాడు. ఒక్కడే ఓడిపోయాడు. ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి కులంవాళ్లు తాకకూడదు. పరాయివాళ్లే దింపాలి, పరాయివాళ్లే పూడ్చాలి. వాపు జబ్బుతో పోతున్న ఉనోకాను కూడా ఊళ్లో పూడ్చకుండా దుష్టారణ్యంలో వదిలేశారు. వెళ్తూ వేణువు తీసుకెళ్లాడు. కొడుకు చేతిలో అదీ లేదు.

అచెబె మొదట ఈ కథను మూడు తరాలుగా ఒకే పుస్తకంలో రాయాలనుకున్నాడు, తర్వాత విడదీశాడు. 1960లో వచ్చిన ‘నో లాంగర్ ఎట్ ఈజ్’లో ఐజాక్ పెద్దవాడు, అతని కొడుకు ఒబి ఇంగ్లండులో చదివొచ్చిన ఉద్యోగి. తండ్రి ఉరేసుకున్నాడన్న కబురు విన్ననాడు తాను కరిగిపోలేదని ఐజాక్ కొడుకుతో చెప్పుకుంటాడు. ఆ ఐజాకే, ఒబి ప్రేమించిన క్లారా ఓసు కులంలో, అంటే దేవుడికి అర్పించిన అంటరానివాళ్ల వంశంలో పుట్టిందని తెలిసి పెళ్లికి అడ్డుపడతాడు. తండ్రి మతాన్నీ తండ్రి ఇంటినీ వదిలేసి వచ్చిన మనిషి.