తప్పు జత ఖరీదు ఎన్ని డిగ్రీలు?

డీఎన్ఏలో రెండు పోగుల్నీ కలిపి ఉంచేవి హైడ్రోజన్ బంధాలని బళ్లో చదువుకున్నాం. ఎ–టి జతకు రెండు, జి–సి జతకు మూడు. అయితే ద్వికుండలి బలమంతా వాటిదే కాదు. క్షారాలు చదునుగా ఉంటాయి. ఒకదానిమీద ఒకటి 0.34 నానోమీటర్ల ఎడంతో దొంతరగా పేర్చుకుంటాయి. మధ్యలో నీటికి చోటివ్వకుండా అవి అలా ఆనుకోవడంలోనే బలంలో పెద్ద వాటా ఉంది. ఎవరికెవరు జతో హైడ్రోజన్ బంధాలు తేలుస్తాయి, కట్టడాన్ని నిలబెట్టేది ఎక్కువగా దొంతరే.

కొలతలు కూడా చూడాలి. ఎ, జి రెండేసి వలయాలున్న పెద్ద క్షారాలు. సి, టి ఒక్కో వలయమే ఉన్న చిన్నవి. పెద్దదానికి ఎదురుగా చిన్నది వస్తేనే పోగుల మధ్య వెడల్పు పొడవునా ఒకేలా ఉంటుంది. ఎ ఎదురుగా ఎ వస్తే ఇరుకు, సి ఎదురుగా సి వస్తే ఖాళీ. దొంతరగా పేర్చిన పళ్లేల్లో ఒకటి వంకరగా పడితే పైదీ కిందదీ కూడా సరిగ్గా ఆనవు. ఇక్కడా అంతే: నష్టం ఒక్క జతతో ఆగదు, ఇరుగుపొరుగుకీ పాకుతుంది.

అలాగని ద్వికుండలి అక్కడే విచ్చుకుపోదు. సర్దుకోవడంలో దాని నేర్పు చూడాల్సిందే. జి ఎదురుగా టి పడిందనుకోండి. ద్వికుండలి వెంట ఉండే రెండు గాళ్లలో టి పెద్దదాని వైపు, జి చిన్నదాని వైపు కొంచెం జరుగుతాయి. ఆ కాస్త జరుగుబాటుతోనే రెండు హైడ్రోజన్ బంధాలు కుదురుతాయి. జి ఎదురుగా జి పడితే వాటిలో ఒకటి తన చక్కెర మీద తిరగబడి, రెండో అంచును అందిస్తుంది. అందుకే తప్పు జతల్లో జి ఉన్నవి ఎక్కువ గట్టివి. టి–టి, ఎ–ఎ ఆ తర్వాతివి. అన్నిటికన్నా అడుగున సి–సి. ఈ వరుస కూడా సగటు లెక్కే. 1990ల చివర్లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జాన్ శాంటాలూసియా బృందం తప్పు జతల్ని వాటి పక్క జతలతో కలిపి కొలిచింది. పక్కన జి–సి ఉందా, ఎ–టి ఉందా అన్నదాన్నిబట్టి అదే తప్పు ఖరీదు మారిపోతుంది. చోటునుబట్టి కూడా మారుతుంది. కొసల దగ్గర పోగులు ఎలాగూ కాస్త విడివిడిగా ఆడుతుంటాయి కాబట్టి అక్కడి తప్పు తక్కువలో పోతుంది, నడిమధ్యది గట్టిగా తగులుతుంది.

ఖరీదు కొలిచే పద్ధతి ముచ్చటైనది. డీఎన్ఏ ద్రావణంలోంచి 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పంపుతూ మెల్లగా వేడి పెంచుతారు. దొంతరలో ఉన్న క్షారాలు తక్కువ కాంతిని పీలుస్తాయి, విడిపోయినవి ఎక్కువ పీలుస్తాయి. గీత చాలాసేపు చదునుగా నడిచి ఒక్కసారి పైకి లేస్తుంది. సగం డీఎన్ఏ విడిపోయిన ఉష్ణోగ్రతే ప్రయోగశాలల్లో అందరూ అనే ‘టీఎం’. ద్రావణంలో ఉప్పు పెంచితే అది కూడా పెరుగుతుంది. పోగుల వెన్నంటి ఉన్న ఫాస్ఫేట్ల రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా సోడియం అయాన్లు అడ్డుపడతాయి మరి. పొడవైన డీఎన్ఏలో నూటికి ఒక జత తప్పితే టీఎం సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఇరవై అక్షరాల తునకలో అయితే ఒక్క తప్పే ఎన్నో డిగ్రీలు లాగేస్తుంది.

ఆ తేడాతోనే జబ్బును పట్టారు. సికిల్ సెల్ జబ్బులో బీటా గ్లోబిన్ జన్యువులో జి–ఎ–జి ఉండాల్సిన చోట జి–టి–జి ఉంటుంది. మారింది ఒకే అక్షరం. తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు మోస్తున్న జబ్బు ఇది. 1983లో కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ పరిశోధకులు 19 అక్షరాల కృత్రిమ పోగులతో ఆ అక్షరాన్ని గుర్తించారు. ‘సిసిటి–జిఎజి–జిఎజి’ ఉన్న చోట మామూలు జన్యువులోంచి 19 అక్షరాల తునక తీసుకుందాం: సిటి–సిసిటి–జిఎజి–జిఎజి–ఎఎజి–టిసిటి–జిసి. ఇందులో జి, సి కలిపి 11, ఎ, టి కలిపి 8. జి, సిలకు నాలుగేసి డిగ్రీలు, ఎ, టిలకు రెండేసి చొప్పున వేసే మోటు లెక్కలో టీఎం 60 డిగ్రీలు. ఇదే తునక సికిల్ జన్యువుకు అతుక్కుంటే ఏడో అక్షరం ఎ ఎదురుగా టి బదులు ఎ వస్తుంది. ఇప్పుడు కడిగే నీటి వేడిని రెండు టీఎంల మధ్య ఉంచితే చాలు. సరైన జత అంటిపెట్టుకుని ఉంటుంది, తప్పు జత ఊడి కొట్టుకుపోతుంది. యంత్రాల సాయం లేకుండా ఒక్క అక్షరం చదివినట్టే.

వేడి చేయకుండానే కణం కూడా ఈ తప్పుల్ని పడుతుంది. పాల్ మాడ్రిచ్‌కు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ తెచ్చిన మరమ్మతు వ్యవస్థ ఇదే. ఇ.కోలై బాక్టీరియాలో మ్యూట్‌ఎస్ అనే ప్రోటీన్ డీఎన్ఏను చుట్టి పట్టుకుంటుంది. తప్పు జత దగ్గర తన ఫినైల్ఎలనిన్ వలయం ఒకటి దొంతరలోకి దూర్చి డీఎన్ఏను సుమారు 60 డిగ్రీలు వంచుతుంది. సరిగ్గా పేర్చిన దొంతర అంత తేలిగ్గా వంగదు. అయితే మ్యూట్‌ఎస్ పట్టిక మన టీఎం పట్టికతో కలవదు. వేడికి బాగా తట్టుకునే జి–టిని అది చక్కగా పట్టుకుంటుంది. అన్నిటికన్నా బలహీనమైన సి–సిని మాత్రం దాదాపు పట్టించుకోదు.