రెండు గొంతుల ప్రార్థన

1968 నవంబరులో ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో ఒక కచేరీ జరిగింది. దేశం అప్పుడు సోవియట్ ఏలుబడిలో ఉంది. దేవుడి ఊసెత్తడానికే జనం జంకే రోజుల్లో, 33 ఏళ్ల స్వరకర్త ఆర్వో పార్ట్ రాసిన ‘క్రెడో’ను నిండు సభలో పాడారు. యేసుక్రీస్తును నమ్ముతున్నానని లాటిన్‌లో చాటే కృతి అది. అధికారులకు ఒళ్లు మండింది. ఆ కృతి మళ్లీ వినిపించకుండా చేశారు.

పార్ట్‌ను అంతకన్నా ఎక్కువగా వేధించింది ఆయన సంగీతమే. పన్నెండు స్వరాలకూ సమాన హోదా ఇచ్చే పాశ్చాత్య ఆధునిక పద్ధతిలో ఆయన అప్పటికే చేయి తిరిగినవారు. ఇక ఆ దారిలో చెప్పవలసిందేమీ లేదనిపించింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో, 1971 నాటి మూడో సింఫనీని, సినిమాలకు చేసిన పనిని పక్కన పెడితే, రాసింది బహు స్వల్పం. మధ్యయుగపు గ్రెగోరియన్ గానాన్ని ఓనమాల నుంచి సాధన చేశారు. 1972లో ఆర్థడాక్స్ చర్చిలో చేరారు. 1976లో ‘ఫ్యూర్ అలీనా’ అనే చిన్న పియానో కృతితో కొత్త పద్ధతి బయటికొచ్చింది. దానికి ఆయన పెట్టిన పేరు టింటినాబులి, అంటే చిరుగంటలు.

పద్ధతి వినడానికి తేలిక. ఎప్పుడూ రెండు గొంతులుంటాయి. ఒకటి మెట్టు మెట్టుగా నడిచే రాగపు గొంతు. రెండోది స, గ, ప తప్ప మరో స్వరం ముట్టని గంట గొంతు. రాగపు గొంతు ఏ స్వరం పలికితే, ఆ స్వరానికి దగ్గరున్న స, గ, పలలో ఒకటి రెండోది పలకాలి. పైదా, కిందిదా అన్నది ముందే ఖాయమవుతుంది.

మాటలకూ లెక్క ఉంది. 1977 నాటి ‘మిస్సా సిలబికా’లో మాటకు ఎన్ని అక్షరాలుంటే అన్ని స్వరాలు. ఆ లెక్కను తెలుగు మాట మీద పెట్టి చూద్దాం. ‘ప్రభువా’కు మూడక్షరాలు, ‘స’ దగ్గర ముగియాలి, పై నుంచి దిగాలి: గ, రి, స. ‘కరుణించు’కు నాలుగు: మ, గ, రి, స. గంట గొంతు పైనున్న స్వరాన్నే అందుకోవాలంటే ‘ప్రభువా’కు దాని వంతు ప, గ, గ. నఠభైరవి రాగం మెట్ల మీద ‘రి’, ‘గ’ పక్కపక్క స్వరస్థానాలు గనుక నడి అక్షరం దగ్గర రెండూ ఒరుసుకుంటాయి. మరుక్షణం ‘స’, ‘గ’ కలిసి సర్దుకుంటాయి. ఈ ఒరిపిడి, ఈ ఊరట స్వరకర్త మనసుపడి చల్లినవి కావు, నియమం లోంచి పుట్టినవి.

తప్పటడుగులు వేసే రాగపు గొంతు మనిషిదని, వదలకుండా వెంట నడిచేది క్షమ అని పార్ట్ భావన. భార్య నోరా దీన్ని ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటే అని తేల్చారు.

1976 డిసెంబరులో పోయిన ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ స్మృతికి 1977లో రాసిన ‘కాంటస్’లో ఇదే పద్ధతి తంత్రీవాద్య బృందానికి ఎక్కింది. దిగే వరస ఒక్కటే, మనం నఠభైరవి అనుకోవచ్చు. ముందు పై స. తర్వాత స, ని. ఆ తర్వాత స, ని, ద. ప్రతిసారీ పై నుంచే మొదలుపెట్టి ఒక మెట్టు ఎక్కువ దిగడం. మొదటి వయొలిన్లు దిగే వేగంలో సగం రెండో వయొలిన్లది. ఇలా సగానికి సగం తగ్గుతూ డబుల్ బాస్‌ల దగ్గరికొచ్చేసరికి నడక పదహారు రెట్లు మందగిస్తుంది. పైన పరుగు, అడుగున కొండంత నిదానం. ఒకే దుఃఖం ఒక్కొక్కరిని ఒక్కో వేగంతో కుంగదీయడమన్నమాట. మధ్యమధ్య ఒకే ఒక గంట మోగుతుంది.

1980లో ఆయన కుటుంబంతో దేశం విడిచారు. వియన్నా మీదుగా బెర్లిన్‌ చేరారు. 1984లో ఈసీఎం సంస్థ తెచ్చిన ‘టబులా రాసా’ రికార్డుతో ప్రపంచానికి తెలిశారు. మతంతో నిమిత్తం లేనివారూ ఆ సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మరీ పలచన అని పెదవి విరిచిన విమర్శకులూ ఉన్నారు.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికీ మొదట అలాగే అనిపించవచ్చు. గమకం లేదు, సంగతులు లేవు, ఉద్వేగం ఎక్కడా పొంగదు. అయితే ‘ఫ్యూర్ అలీనా’లో ఒక చోటు గమనించండి. కృతి అంతటా స, గ, పలకే కట్టుబడిన ఎడమ చేయి ఒక్కసారి ‘రి’ని తాకుతుంది. స్వరలిపిలో అక్కడ పార్ట్ చిన్న పువ్వు బొమ్మ గీశారు. నియమాలే లేని చోట ఆ ఒక్క ‘రి’ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అది ప్రాణం పోసినట్టుంటుంది.

దేవుడి పేరు ఎన్నిసార్లు వచ్చిందన్నదాన్ని బట్టి, గొంతు ఎంత గద్గదమైందన్నదాన్ని బట్టి భక్తి సంగీతాన్ని తూచడం మనకు అలవాటు. ‘ఫ్యూర్ అలీనా’లోనూ ‘కాంటస్’లోనూ అసలు మాటే లేదు. నచ్చిన స్వరాన్ని నచ్చిన చోట వేసుకునే స్వేచ్ఛ స్వరకర్తకున్న ఆస్తి. పార్ట్ దాన్ని వదులుకున్నారు. ఆయన విశ్వాసానికి సాక్ష్యం ‘క్రెడో’లో చాటిన మాట కన్నా ఈ వదులుకోవడంలోనే గట్టిగా ఉంది.