కారు కప్పు మీద 49 సెంటీమీటర్ల తీగ

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై దాటి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మదురై దగ్గరి మా తిరుమంగళాన్ని ఆనుకునే పోతుంది. పాత లెక్కలో ఇది ఏడో నంబరు రోడ్డు. నాయకరాజుల కాలం నుంచీ తెలుగు మాట్లాడుతున్న కుటుంబాలు ఈ నల్లరేగడి పల్లెల్లో ఉన్నాయి. కప్పలూరు టోల్‌గేటు దగ్గర ఆగే లారీల్లో, యాత్రకు పోయే వ్యాన్లలో ఎవరి జేబులో చూసినా ఫోను ఉంటుంది. ఆ ఫోను పలకని రోజున ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు కొందరున్నారు, లైసెన్సు తీసుకుని సరదాకు రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్లు. బండిలో వాకీటాకీని ఎలా బిగించాలి, దానికి కరెంటు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, యాంటెన్నా ఎక్కడ నిలబెట్టాలి అన్నది వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ వచ్చిన విద్య. అది మన ఊళ్లలోకి ఇంకా రావలసినంతగా రాలేదన్నదే నా బాధ.

తెలుగు నేల మీద ఈ విద్యకు పెద్ద దిక్కు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 1983లో ఎస్. సూరి గారి చొరవతో మొదలైంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి ఆ సంస్థ బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. వీయూ4ఆర్‌బీఐ అన్న కాల్‌సైన్‌తో ప్రపంచంలోని హామ్‌లను పలకరించడానికి వెళ్లినవాళ్లు, భూమి కంపించాక అవే సెట్లతో దీవుల్లోని వాళ్ల క్షేమ సమాచారాన్ని బయటికి చేరవేశారు. పదేళ్ల తర్వాత, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజుల్లో ఇంట్లో బల్ల మీదున్న స్టేషన్ కూడా కరెంటు లేక ఆగిపోవచ్చు. బండిలో ఉన్నది ఆగదు. దానికి సొంత బ్యాటరీ ఉంది, ఆ బ్యాటరీని నింపే ఇంజను ఉంది, ఎక్కడ అవసరమైతే అక్కడికి పోయే చక్రాలున్నాయి.

ఇక పనిలోకి వద్దాం. చేతి వాకీటాకీ పవర్ సాధారణంగా 5 వాట్లు. దాన్ని కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, దాని పొట్టి రబ్బరు యాంటెన్నాతోనే మాట్లాడితే, ఉన్న ఆ కాస్త శక్తిలో చాలా భాగాన్ని చుట్టూ ఉన్న ఇనుప గుల్ల బయటికి పోనివ్వదు. ఎదుటివాళ్ల మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్లకు ముక్కలు ముక్కలుగా చేరుతుంది. చాలామంది దీనికి సెట్టును తిట్టుకుని ఇంకా ఖరీదైనది కొంటారు. డబ్బు దండగ. అదే సెట్టుకు బండి అడాప్టరు కడితే సరిపోతుంది.

అడాప్టరు మూడు పనులు చెయ్యాలి: కరెంటు ఇవ్వాలి, యాంటెన్నాను బయటికి తేవాలి, మాటను చెవికీ నోటికీ దగ్గర చెయ్యాలి. కొన్ని కంపెనీల వాకీటాకీలకు ఈ మూడూ కలిసిన తొట్టి దొరుకుతుంది. సెట్టును అందులో దించితే చాలు, చార్జింగు, బయటి యాంటెన్నా, మైకు ఒకేసారి కలుస్తాయి. కొన్నింట్లో 5 వాట్లను 30, 40 వాట్లకు పెంచే యాంప్లిఫయరు కూడా ఉంటుంది. తొట్టి దొరకనివాళ్లు విడివిడిగా అమర్చుకుంటారు. బ్యాటరీ ఆకారంలోనే ఉండే ఎలిమినేటరును సెట్టు వెనక తగిలిస్తే, అది బండి 12 వోల్టులను సెట్టుకు కావలసిన 7.4 వోల్టుల దగ్గరికి దించుతుంది. ఇంతవరకైతే సిగరెట్ లైటర్ సాకెట్టు చాలు, ఒకటిన్నర, రెండు ఆంపియర్లకు మించదు.

యాంప్లిఫయరో, బండిలో బిగించే 50 వాట్ల మొబైల్ రేడియో సెట్టో పెట్టారంటే లెక్క మారుతుంది. మాట్లాడేటప్పుడు అది 10 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు తీగ నేరుగా బ్యాటరీ దగ్గర నుంచే రావాలి. బానెట్ కింద నుంచి డ్యాష్‌బోర్డు దాకా మూడు మీటర్లు, రానూపోనూ ఆరు. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ వేస్తే 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోయేది 0.4 వోల్టు. తీగ దగ్గర పొదుపు చేస్తే మైకు నొక్కినప్పుడల్లా సెట్టు నీరసిస్తుంది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. సెట్టు దగ్గర ఫ్యూజు ఉంది కదా అని వదిలేసేవాళ్లున్నారు. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగకు కాపలా ఎవరూ లేరు. అది ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే తీగంతా కాలుతుంది, దానితో బండి కూడా. ఇంజను గది నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. బ్యాటరీ నెగటివ్ కొసకు సెన్సరు తగిలించి ఉన్న కొత్త బండ్లలో మన నల్ల తీగను ఆ కొసకు కాకుండా, బాడీ మీద కంపెనీ ఇచ్చిన ఎర్తు బోల్టుకు బిగించాలి.

అసలు విద్యంతా యాంటెన్నాలోనే ఉంది. మన దేశంలో హామ్‌ల రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. నడుమనున్న 145కి పావు తరంగం నిడివి లెక్కలో 51 సెంటీమీటర్ల పైన వస్తుంది. నిజంగా తీగ కోస్తే 49 దగ్గర కుదురుతుంది. ఆ తీగ ఒంటరిగా పని చెయ్యదు, కింద ఉన్న ఇనుప కప్పు దానికి రెండో సగం. అందుకే కప్పు నడిమధ్య నిలబెట్టిన పావు తరంగపు తీగ నాలుగు దిక్కులా సమానంగా పలుకుతుంది. బంపరుకు కడితే బండి బాడీ ఒక పక్కను కమ్మేస్తుంది. అయస్కాంతపు దిమ్మ ఉన్న యాంటెన్నా అయితే కప్పుకు రంధ్రం పెట్టే పనే లేదు, పెయింటు మీదే నిలుస్తుంది. కాకపోతే అంటించే ముందు కప్పును శుభ్రంగా తుడవాలి. మా ఊరి ఎర్ర దుమ్మూ నల్ల దుమ్మూ అయస్కాంతం కింద చేరితే గీతలు పడతాయి.

తర్వాత, యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి తిరుగుతోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూడాలి. ఈ పనిలో తొందర కూడదు. 144 దగ్గరా 146 దగ్గరా కొలవండి. 144 దగ్గర తక్కువ, 146 దగ్గర ఎక్కువ చూపిస్తే తీగ పొడవుగా ఉన్నట్టు. రెండు మిల్లీమీటర్లు కత్తిరించి మళ్లీ చూడండి. ఒక సెంటీమీటరు తీస్తే సర్దుబాటు దాదాపు 3 మెగాహెర్ట్జ్ పైకి జరిగిపోతుంది, అంటే మొత్తం బ్యాండునే దాటేస్తారు. తీసింది మళ్లీ అతకదు. బ్యాండంతటా 1.5 లోపు వస్తే కత్తెర కింద పెట్టేయొచ్చు.

కేబులును తలుపు సందులోంచి తెచ్చేటప్పుడు నలగకుండా చూడాలి, వాన నీళ్లు దాని వెంట లోపలికి జారకుండా ఒక చోట కిందికి వంపు తిప్పాలి. సెట్టు తల మీది చిన్న ఎస్‌ఎమ్‌ఏ కనెక్టరుకు మందపాటి కేబులు నేరుగా బిగిస్తే దాని బరువుకే అది ఊడొస్తుంది. మధ్యలో మెత్తని సన్న కేబులు జానెడు ఉండాలి. సెట్టును ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట పెట్టకూడదు. ఇంజను వేగంతో పాటు కూత వినిపిస్తే అది ఆల్టర్నేటరు పని. ముందు ఎర్తు బోల్టు చూసుకోండి, ఆ తర్వాతే తీగకు తొడిగే ఫెరైటు పూస.

ఇంత చేస్తే దక్కేదేమిటి? చదును నేల మీద రెండు మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు రేడియో దిగంతం ఆరు కిలోమీటర్ల లోపే. రెండు కార్ల మధ్య పదకొండు, పన్నెండు. తిరుమంగళం నుంచి విరుదునగర్ దాకా కూడా చాలదు. కానీ వాయవ్యం వైపు చూడండి. ఇక్కడికి నేరుగా 70 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, 2,100 మీటర్ల ఎత్తున కొడైకెనాల్ ఉంది. అంత ఎత్తున నిలబెట్టిన రిపీటరుకు, అంటే విన్న మాటను మళ్లీ ప్రసారం చేసే సెట్టుకు, దిగంతం 180 కిలోమీటర్లు దాటుతుంది. మన కప్పు మీది తీగ ఆ కొండను అందుకుంటే, మదురై మైదానమంతా వినే అవకాశం ఉంటుంది. తమిళుల ఆడి నెల అమావాస్యకు చతురగిరి కొండ ఎక్కే వేల మంది భక్తుల కోసం కొండ కింద నిలబెట్టే జీపులో ఇలాంటి సెట్టు ఒకటి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. కొండ మడతల్లో సెల్ సిగ్నల్‌ను నమ్ముకోలేం.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. వింటున్నంతసేపు 50 వాట్ల సెట్టు అర ఆంపియరు తింటుంది. పదో వంతు సమయం మాట్లాడామనుకున్నా సగటు ఒకటిన్నర ఆంపియర్లు. 35 ఆంపియర్ అవర్ల కారు బ్యాటరీలో సగం వాడినా పదకొండు గంటలకు పైగా వస్తుంది. ఆ తర్వాత కాసేపు ఇంజను తిప్పుకోవాలి.

నడిపేవాళ్లు మైకు పట్టుకోకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బండి నడుపుతూ చేతి కమ్యూనికేషన్ సాధనాలు వాడడాన్ని తప్పుగా చెబుతోంది. పక్క సీటువాళ్లు మాట్లాడాలి, లేదా పక్కకు ఆపుకోవాలి. ఇంకొకటి, ఇంతకంటే ముఖ్యమైనది: ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది కదా అని లైసెన్సు లేకుండా హామ్ సెట్టు కొని మీట నొక్కితే నేరం. కేంద్రంలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్ పెట్టే పరీక్ష రాస్తే లైసెన్సు వస్తుంది. 12 ఏళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు, కాస్త రేడియో సిద్ధాంతం, కాస్త నిబంధనలు. తిరుమంగళం, ఉసిలంపట్టి, టి. కల్లుపట్టి పిల్లలకు అది కష్టమేమీ కాదు. ముందు పరీక్షకు దరఖాస్తు పెట్టించండి, సెట్టు ఆ తర్వాత కొనండి.