వైద్యవిద్యలో ‘కుటుంబ దత్తత’: గుంటూరు, ప్రకాశం పల్లెల నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఎంబీబీఎస్ విద్యార్థి తొలి ఏడాదినుంచే పల్లెలోని కొన్ని కుటుంబాలతో సంబంధం పెట్టుకోవాలని జాతీయ వైద్య కమిషన్ ‘కుటుంబ దత్తత కార్యక్రమా’న్ని ప్రవేశపెట్టింది. సేవ ద్వారా అభ్యసనం అనే విద్యాభావనకు మన దేశంలో ఇది ఒక విస్తృతమైన రూపం. ఈ కార్యక్రమం పేరును, కాలపట్టికను, భాషను, నమోదు పద్ధతిని గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెల జీవనంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. విద్యార్థి నేర్చుకున్నదానికి ఇక్కడ లెక్క ఉంది, కుటుంబానికి దక్కినదానికి లెక్క లేదన్నది వ్యాసం ప్రతిపాదించే ప్రధానాంశం.

కీలకపదాలు: వైద్యవిద్య, కుటుంబ దత్తత, సేవాభ్యసనం, గుంటూరు, ప్రకాశం, వలస కూలీలు, వైద్యభాష.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు వైద్య కళాశాల 1946లో ప్రారంభమైంది. అదే ఏడాది భోర్ కమిటీ తన నివేదికను సమర్పించింది. వైద్యుడు రోగికి మందు రాసి ఊరుకోకుండా, సమాజ ఆరోగ్యానికి బాధ్యత వహించే ‘సామాజిక వైద్యుడు’ కావాలని, అందుకు వైద్యవిద్యలో మూడు నెలల ప్రత్యేక శిక్షణ ఉండాలని ఆ నివేదిక సూచించింది. ఒక కళాశాల, ఒక ఆదర్శం ఒకే సంవత్సరంలో పుట్టాయి. కళాశాల ఎదిగింది. ఆదర్శం మాత్రం దశాబ్దానికొక కొత్త పేరుతో మళ్లీ మళ్లీ మొదలవుతూ వచ్చింది. ఆ పరంపరలో తాజా ప్రయత్నం కుటుంబ దత్తత. ముందటి ప్రయత్నాలకు లేని బలం దీనికేముంది, వాటికున్న లోపమేదైనా దీనికీ సంక్రమించిందా అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

2. పూర్వరంగం:
సేవను, చదువును కలిపే విద్యాపద్ధతికి 1960లలో అమెరికాలో ఒక పేరు స్థిరపడింది. దాని సిద్ధాంతకర్తల్లో ఒకరైన రాబర్ట్ సిగ్మన్ 1979లో మూడు సూత్రాలు ప్రతిపాదించాడు. సేవ పొందేవారే ఆ సేవను నియంత్రించాలి. దానివల్ల వారి స్వశక్తి పెరగాలి. సేవ చేసేవారు కూడా నేర్చుకునేవారే కావాలి. ఈ మూడింటిలో రెండు సేవ పొందేవారి పక్షాన నిలిచినవే అన్నది గమనార్హం.

మన దేశంలో ఈ ఆచరణకు సొంత చరిత్ర ఉంది. 1969లో సేవాగ్రామ్‌లో మొదలైన మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థలో ఒక్కో విద్యార్థి బృందం ఒక్కో గ్రామాన్ని స్వీకరించి, అక్కడి కుటుంబాలను కొన్నేళ్లపాటు అనుసరించే సంప్రదాయం నెలకొంది. 1975 నాటి శ్రీవాస్తవ కమిటీ సూచనల వెలుగులో కేంద్రప్రభుత్వం 1977లో వైద్యవిద్య పునర్దిశా పథకాన్ని తెచ్చి, ప్రతి కళాశాలకు మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిని అప్పగించింది, సంచార వైద్యశాలలను సమకూర్చింది. వాహనాలు పల్లెకు వెళ్లాయిగాని, చదువుకు కేంద్రం బోధనాసుపత్రి వార్డుగానే మిగిలింది.

3. నియమావళి స్వరూపం:
2021-22 విద్యార్థులతో ఈ కార్యక్రమం ప్రారంభమైంది. 2022 మార్చి 31న జాతీయ వైద్య కమిషన్ దీని మార్గదర్శకాలను విడుదల చేసింది. 2023 నాటి నియమావళిలోనూ ఇది కొనసాగింది. ఒక్కో విద్యార్థికి కనీసం మూడు, వీలైతే ఐదు కుటుంబాలు. మొదటి దశలో 9 సందర్శనలు, రెండవ దశలో 10, మూడవ దశలో 7. ఒక్కొక్కటి మూడు గంటల చొప్పున మొత్తం 78 గంటలు. కుటుంబ వివరాల సేకరణ, రక్తహీనత, రక్తపోటు, మధుమేహం వంటివాటి పరీక్షలు, పరిశుభ్రత కార్యక్రమాలు, ఔషధ మొక్కల పెంపకం ఇందులో భాగాలు. ఆశా కార్యకర్తలు, స్థానిక ఆరోగ్య సిబ్బంది తోడ్పడతారు. ప్రతి సందర్శన లాగ్‌బుక్‌లో నమోదవుతుంది.

దీని మేలును ముందుగా అంగీకరించాలి. పూర్వపు పథకాలు ఎక్కువగా చదువు చివరనో, హౌస్ సర్జన్ దశలోనో పల్లెను చూపేవి. అప్పటికి విద్యార్థి మనిషిని ‘కేసు’గా చూడటం అలవాటు చేసుకుని ఉంటాడు. ఇప్పుడు శవపరీక్ష బల్ల ముందు నిలబడిన తొలి ఏడాదే ఒక ఇంటి వసారాలోనూ కూర్చుంటాడు. అదే కుటుంబాన్ని మూడేళ్లు చూస్తాడు. ఒకరోజు వైద్య శిబిరం ఇవ్వలేనిది ఈ కొనసాగింపే.

4. ‘దత్తత’ అనే మాట:
తెలుగు సమాజంలో దత్తతకు స్పష్టమైన అర్థం ఉంది. పెద్దవారు చిన్నవారిని దత్తత తీసుకుంటారు. దత్తు వెళ్లిన బిడ్డకు ఇంటిపేరు మారుతుంది, ఆస్తిలో హక్కు వస్తుంది. అంటే దత్తతలో ప్రేమతోపాటు తెంచుకోలేని బాధ్యత, చట్టబద్ధమైన హక్కు ఉన్నాయి. ఇటీవలి కాలంలో ఈ మాటకు మరో వాడుక వచ్చింది. ప్రజాప్రతినిధులు, ప్రముఖులు గ్రామాలను ‘దత్తత’ తీసుకుంటున్నారు. తెనాలి దగ్గరి బుర్రిపాలెంను సినీనటుడు మహేశ్‌బాబు స్వీకరించడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇక్కడ దత్తత అంటే దాతృత్వం. ఇచ్చేవారి ఇష్టమే దానికి కొలత.

వైద్యవిద్యలోని దత్తత ఈ రెండింటిలో దేనికీ చెందదు. పద్దెనిమిదేళ్ల విద్యార్థి, మనవళ్లను ఎత్తిన పెద్దావిడ ఉన్న ఇంటిని ‘దత్తత’ తీసుకుంటాడు. బాధ్యతకు హక్కు తోడవదు, దాతృత్వానికి వనరులుండవు. వాస్తవంలో జరిగేది తారుమారు వ్యవహారం. ఆ ఇల్లే విద్యార్థిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన రోగాలను, అప్పులను చెప్పి అతనికి చదువు చెబుతుంది. పేరు మాత్రం దాతను విద్యార్థిగా, గ్రహీతను కుటుంబంగా చూపుతుంది. సిగ్మన్ మూడవ సూత్రం నెరవేరుతుంది, మొదటి రెండూ మొదట్లోనే జారిపోతాయి. ఏ ఇల్లు ఎంపిక కావాలో, ఏ పరీక్ష ముందు జరగాలో నిర్ణయించడంలో ఆ ఇంటికి పాత్ర లేకపోవడమే ఇందుకు కారణం.

5. పంటకాలం, కళాశాల కాలం:
ఈ మెట్టలో ఆరోగ్యం పంటకాలంతో ముడిపడి ఉంటుంది. పత్తి తీత అక్టోబరు నుంచి సాగుతుంది. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ వరకు జోరందుకుంటాయి. ఆ నెలల్లో ఆడవాళ్లు పొద్దెక్కకముందే పొలానికో, తాలుకాయలు ఏరడానికి కల్లానికో వెళ్లిపోతారు. కళాశాల బస్సు ఊళ్లోకి వచ్చేవేళకు ఇళ్లలో మిగిలేది వృద్ధులు, పిల్లలు, తాళం వేసిన తలుపులు. మిరప ఘాటుకు దగ్గే మనిషి, ఎండలో వంగి నడుము పట్టేసిన మనిషి, పంపు వీపున మోసి మందు కొట్టే మనిషి ఆ మూడు గంటల్లో ఇంట్లో ఉండరు. కుటుంబంలో అత్యధిక ప్రమాదానికి గురయ్యేవారే కుటుంబ పరీక్షకు దొరకకపోవడం చిన్న లోపం కాదు.

రెండవది, ‘కుటుంబం’ నిర్వచనం. మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి వేలమంది గుంటూరు వైపు వస్తారు. తమ భాషలో ‘సుగ్గికి’ వస్తారు. పిల్లాపాపలతో పొలాల పక్కన పట్టాల గుడారాల్లో ఉంటారు. వారికి ఆ ఊళ్లో ఇంటి నంబరు లేదు. ఇంటి నంబరు లేని కుటుంబం దత్తత జాబితాకు ఎక్కదు. మూడేళ్ల అనుసరణ కోరే పథకం స్థిరనివాసులనే ఎంచుకోవడం సహజం. పర్యవసానంగా, వైద్యం అందరికంటే దూరమైనవారు విద్యార్థి దృష్టికీ దూరమవుతారు.

అమరావతి ప్రాంతం మరో సమస్యను చూపుతుంది. 2015 నుంచి 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగి, ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా భూమి రాజధానికి చేరింది. సెంటు భూమి లేని కూలీ కుటుంబాలకు పింఛను ఏర్పాటు చేశారు. పొలం పని పోయినవాడు నిర్మాణ పనికో, పట్టణానికో మళ్లాడు. అతని వృత్తి గడిలో ‘కూలీ’ అని రాస్తే ఈ మార్పంతా ఒక్క మాటలో కనుమరుగవుతుంది.

6. ‘మందు’ – భాషాసమస్య:
ఈ పల్లెల్లో ‘మందు’ అనేది ఆసుపత్రిలో ఇచ్చే ఔషధం, చేలో కొట్టే విషం, దుకాణంలో కొనే సారాయి. ‘మందులేమైనా వాడుతున్నారా?’ అన్న ప్రశ్నకు పత్తిరైతు చెప్పే జవాబు, విద్యార్థి రాసుకునే జవాబు ఒకటి కాకపోవచ్చు. ‘మందు కొట్టి వచ్చాక కళ్లు తిరిగాయి’ అన్న వాక్యాన్ని తాగుడుగా నమోదు చేస్తే, పురుగుమందు ప్రభావం రికార్డులోంచి మాయమవుతుంది. ‘వేడి చేసింది’, ‘నీరసంగా ఉంది’, ‘గుండె దడ’ వంటి మాటల వెనుక రక్తహీనత ఉండవచ్చు, దిగులూ ఉండవచ్చు.

ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో భర్తీ అవుతాయి. ఆ విద్యార్థులకు తెలుగు కొత్త. ప్రారంభ కోర్సులో స్థానిక భాషకు చోటుంది, అది అవసరమే. సమస్య బయటివారికే పరిమితం కాదు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన తెలుగు విద్యార్థికీ పొలం భాష పరాయిదే. నేర్చుకోవలసింది అక్షరమాల కాదు, రోగం చెప్పుకునే తీరు. తెలుగుశాఖలు, భాషాశాస్త్ర విభాగాలు వైద్య కళాశాలలతో కలిసి పనిచేయగల రంగం ఇదే. జిల్లాలవారీ రోగభాషా పదకోశం ఒక పరిశోధక విద్యార్థి చేయదగిన పని.

7. నమోదు, స్పందన:
2025లో గుంటూరు నగరానికి చేరువలోని తురకపాలెంలో కొన్ని నెలలపాటు వరుస మరణాలు సంభవించాయి. సెప్టెంబరు నాటికి అవి రాష్ట్రవ్యాప్త చర్చగా మారాక, వైద్య బృందాలు ఊరికి చేరాయి, ఇంటింటా పరీక్షలు జరిగాయి. మెలియాయిడోసిస్ అన్న అనుమానం వ్యక్తమైంది. అది మట్టిలో, నీటిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి. మధుమేహం ఉన్నవారికి, మట్టిలో పనిచేసేవారికి దాని ముప్పు ఎక్కువ. ఈ సంఘటనకు ఏ కళాశాలనూ బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు. కాని ఇది ఒక ప్రశ్నను మిగిల్చింది. దత్తత తీసుకున్న ఊళ్లో ఒకే వీధిలో రెండు చావులు జరిగాయని ఒక విద్యార్థి విన్నాడనుకుంటే, ఆ మాట ఎవరికి చెప్పాలి? లాగ్‌బుక్ మార్కుల కోసం అధ్యాపకుడిని చేరుతుంది. జిల్లా నిఘా విభాగానికి అక్కడినుంచి దారి ఉండాలి. ఆ దారి వేయకపోతే వందలమంది విద్యార్థుల కళ్లు, చెవులు పరీక్షకే ఉపయోగపడతాయి.

పరీక్షా ఫలితాల విషయమూ ఇంతే. హిమోగ్లోబిన్ ఎంతో విద్యార్థి పుస్తకంలో ఉంటుంది. అదే అంకె తెలుగులో రాసిన చీటీగా ఆ ఇల్లాలి చేతికి అందిందా, ఆమె తరువాతి చికిత్సకు చేరిందా అన్నది మూల్యాంకనంలో అంశం కావాలి. మూడవ దశ ముగిశాక ఆ కుటుంబం ఎవరి చేతికి వెళ్తుందన్నదీ రాసిపెట్టాలి. బ్యాచ్ మారగానే తెగిపోయే బంధాన్ని దత్తత అనలేం.

8. ఒక ప్రతివాదం:
ఎంబీబీఎస్ తొలి ఏడాది విద్యార్థి వైద్యుడు కాడు, అతని నుంచి సేవ ఆశించడం ప్రమాదకరం, నేర్చుకుంటే చాలు అని కొందరు వాదించవచ్చు. ఇందులో నిజం ఉంది. చికిత్స చేయబోవడం ప్రమాదమే. ఐతే సేవ అంటే చికిత్స ఒక్కటే కాదు. ఫలితాన్ని అర్థమయ్యేలా చెప్పడం, ఆసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో చూపడం, వారి మాటను సరైన చోటికి చేర్చడం వంటి పనులు తొలి ఏడాది విద్యార్థి సురక్షితంగా చేయగలవే. ‘నేర్చుకుంటే చాలు’ అంటే కుటుంబం బోధనోపకరణం అవుతుంది. అప్పుడు దానికి సేవ అన్న పేరు తగదు.

9. ముగింపు:
కుటుంబ దత్తత వైద్యవిద్యను సరైన దిశలో నడిపిన ప్రయత్నం. దాని లోపం ఉద్దేశంలో లేదు, లెక్కలో ఉంది. సందర్శనల సంఖ్యను కొలుస్తున్న పద్ధతి, కుటుంబం పొందిన ప్రయోజనాన్ని కూడా కొలవాలి. సందర్శనలు పంటకాలాన్ని అనుసరించాలి, కొన్నైనా సాయంత్రం వేళ, పొలం గట్టున, కల్లం దగ్గర జరగాలి. కోతలకాలపు గుడారాలకు జాబితాలో చోటు ఉండాలి. ఏడాది చివర కుటుంబమే విద్యార్థి గురించి నాలుగు మాటలు చెప్పే అవకాశం ఉండాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. భోర్ కమిటీ కోరిన సామాజిక వైద్యుడు తయారయ్యాడో లేదో చెప్పగలిగేది, తలుపు తీసి అతన్ని లోపలికి పిలిచిన ఇల్లే. ఆ ఇంటి సాక్ష్యం ఇప్పటికీ ఏ లాగ్‌బుక్‌లోనూ లేదు.