ఎసట్లో పోయకముందు ఒక పిడికెడు

వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం తెలుగు క్రైస్తవ ఇళ్లలో తాతముత్తాతల నాటి అలవాటు. వారమంతా పోగైన ఆ గింజలు ఆదివారం గుడికి చేరతాయి. ఇటు వేంసూరు, సత్తుపల్లి మొదలు అటు గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం దాకా పాత సంఘాల వాళ్లకు పిడికెడు బియ్యం గురించి ఒకరు వివరించనక్కర్లేదు. మన ప్రాంతంలో ఈ అలవాటును నిలబెట్టింది డోర్నకల్ డయోసిస్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా ఆ డయోసిస్‌ను నడిపిన వి.ఎస్. అజరయ్య, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఒక మాట మీదే నిలబడ్డారు: పల్లె సంఘం ఎంత పేదదైనా ఇవ్వడం నేర్చుకోవాలి, తన కాళ్ల మీద తాను నిలవాలి. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. చేతిలో డబ్బాడని ఇళ్లలో గింజలే కానుక. కష్టంలో ఆత్మకు మేలు చేసేదేమైనా ఉందా అని ఎవరైనా అడిగితే నేను ఈ పిడికెడు బియ్యాన్నే చూపిస్తాను. కష్టానికి దానంతట దానికి ఏ విలువా లేదు. కష్టంలో ఉన్న మనిషి తన ఇష్టంతో చేసే పనికి ఉంది. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే.

బైబిలు కూడా ఈ తేడాను ఎక్కడా చెరపలేదు. గెత్సేమనే తోటలో యేసు శ్రమను కోరుకోలేదు, ఆ శ్రమల గిన్నె తన దగ్గర నుంచి తొలగిపోవాలనే ప్రార్థించాడు. తప్పించుకునే దారి ఉండి కూడా మనుషుల మీది ప్రేమతో దాన్ని అందుకున్నాడు గనుక సిలువకు అర్థం వచ్చింది. ఆయన పక్కన అలాంటి సిలువల మీదే ఇద్దరు దొంగలూ వేలాడారు. నొప్పి ముగ్గురిదీ ఒకటే అయినా సంఘం దాని ముందు మోకరించేది ఒక్కరి విషయంలోనే. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో మాసిదోనియ సంఘాలను మెచ్చుకున్నప్పుడూ అంతే. వాళ్లు నిరుపేదలైనందుకు ఆయన మెచ్చుకోలేదు. అంత లేమిలోనూ అవసరంలో ఉన్న యెరూషలేము వాళ్ల కోసం శక్తికి మించి ఇచ్చినందుకు మెచ్చుకున్నాడు. పిడికెడు బియ్యం ఆ వరసలోనిదే. రెండు పూటలా కడుపు నిండని ఇల్లాలు గింజలు పక్కన పెట్టినప్పుడు, లేమి తన ఇంటిని ఏలుతున్నా తన చేతిని మాత్రం ఏలడం లేదని చెబుతోంది. ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లుగానే ఊరు లెక్కగట్టిన మనుషులు ఇచ్చేవాళ్లయ్యారు. వాళ్ల ఆత్మలో వచ్చిన మార్పు అది.

ఇక్కడ ఒక పాత ఎత్తిపొడుపుకు జవాబు చెప్పాలి. ఈ జనం బియ్యం కోసమే మతం మారారని, ఆకలిని సంఘం వాడుకుందని అంటారు. ఆకలి వేళ సాయాన్ని ఎరగా వేసిన మిషనరీలు ఎక్కడా లేరని నేను అనను. అయితే తెలుగునేల మీద ఈ నిందకు పెద్ద పరీక్ష 1876-78 నాటి కరువులో జరిగింది. ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అదే సమయంలో, కూడు కోసం ఎవరూ బాప్తిస్మం అడగకూడదని పదిహేను నెలల పాటు ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కృతజ్ఞత కొద్దీ వచ్చారని అనవచ్చు, అందులో నిజమూ ఉండవచ్చు. కానీ గింజల కోసమే వచ్చినవాళ్లయితే గింజలు అయిపోయాక రావలసిన పనిలేదు. ఆ తర్వాతి తరాల్లో గింజలు తిరిగి తీసి ఇవ్వవలసిన పని అసలే లేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కష్టంలో విలువ ఉందని బోధిస్తే పేదవాడు తన గతి ఇంతేనని ఊరుకుంటాడని, దోచుకునేవాడికి అదే కావాలని అంటారు. 1844లో మార్క్స్ మతాన్ని నల్లమందు అన్నది ఈ భయంతోనే. ఈ భయం న్యాయమైనదే. ఒకరి కష్టానికి విలువ కట్టే హక్కు ఇంకొకరికి ఇచ్చిన రోజున అది నిజమవుతుంది. కూలి ఎగ్గొట్టే ఆసామి కూలీకి ఓర్పు బోధిస్తే అది సువార్త కాదు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో పేద విధవరాలి రెండు కాసులను యేసు ఎత్తి చూపిన మాట అందరం చెప్పుకుంటాం. దానికి సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇళ్లు మింగేసే మతపెద్దలను ఆయన గద్దించిన మాటను కానుకల వేళ ఎవరూ చదవరు. ఆ రెండింటినీ కలిపే చదవాలి. క్రైస్తవ ఇంట పుట్టిన కవి గుర్రం జాషువ తన ఇద్దరు గురువులు పేదరికం, కులమత భేదం అని చెప్పుకున్నారు. మొదటిది తనకు సహనం నేర్పిందని, రెండోది ఎదిరించే శక్తిని పెంచిందే తప్ప తనను బానిసను చేయలేదని అన్నారు. ఓర్పూ ఎదిరింపూ ఒకే మనిషిలో ఇమడగలవని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అన్ని కష్టాలూ మనిషిని పెంచవన్నదీ ఒప్పుకోవాలి. కొన్ని విరిచేస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి ఊళ్లను ముంచినప్పుడు, ఇల్లు పోయినవాళ్ల దగ్గరకు వెళ్లి ఇది దేవుడు పెట్టిన పరీక్ష అని చెప్పడం క్రూరత్వం. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా అని అడిగి, కాదని యేసే చెప్పాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంత సేపూ మంచివాళ్లే, కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పులో పడ్డారు. అలాంటి చోట సంఘం చేయవలసింది అన్నం వండి పెట్టడం, బురద ఎత్తిపోయడం. ఆ కష్టానికి అర్థం ఉందో లేదో అది పడినవాళ్లు చెబుతారు, చెప్పకపోయినా సరే.

అందుకే సంఘ పెద్దలకు, పాస్టర్లకు, స్త్రీల మైత్రి సభ్యులకు నాదొక విన్నపం. మాసిదోనియ వాళ్ల త్యాగాన్ని పొగిడిన పౌలే, అదే అధ్యాయంలో, ఒకరికి భారం పెట్టి ఇంకొకరికి సుఖమివ్వడం తన ఉద్దేశం కాదని, కావలసింది సమానత్వమని రాశాడు. ఈ మాటను మన కానుకల లెక్కలకు వర్తింపజేయండి. కూలి తల్లులు కడుపు కట్టుకుని తెచ్చిన బియ్యం మైకులకు, కొత్త రంగులకు పోవడానికి వీల్లేదు. అందులో మొదటి వాటా ఆ వారం ఊళ్లో పొయ్యి రాజని ఇంటికి వెళ్లాలి, అది ఏ కులం ఇల్లైనా, ఏ మతం ఇల్లైనా. ఏ ఇంటికి ఎంత అని చాటింపు వద్దు గాని, ఎంత వచ్చింది, అందులో పేదలకు ఎంత పోయింది అన్నది మాత్రం నెలకోసారి సంఘం ముందు చదవండి.